గంగకు ఇవ్వని పుస్తకం

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బొమ్మనహళ్ళి వీధి పిల్లలకు నీ బొమ్మల పుస్తకాలు ఇప్పుడు నేనే చదివి వినిపిస్తున్నాను. పోయిన ఆదివారం రెండు కోతిపిల్లలు ఒక పనసతొనను పంచుకునే కథ చదివాను. అయిపోగానే పక్కింటి గంగ, "తాతా, దీన్ని ఇంటికి ఎత్తుకపోతా. తమ్మునికి చూపించి తెచ్చిస్తా" అంది.

పుస్తకం తీసుకెళ్ళే పిల్లల పేర్లు నువ్వు వెనక అట్ట లోపల రాసేదానివి. నీ చేతిరాత ఇల్లు దాటిపోతుందని భయపడి, ఇవ్వనన్నాను.

"పంచుకోవాలని ఇప్పుడే చెప్తివే తాతా!" అని పిల్లలంతా నవ్వారు. గంగ నవ్వలేదు. "పోనీలే తాతా, నీకు అంత కావాలంటే నువ్వే పెట్టుకో" అంది.

రేపు మళ్ళీ ఆదివారం. ఏం చదవాలా అని నీ పుస్తకాల పెట్టె అంతా వెతికాను. పంచుకోమని చెప్పని పుస్తకం ఒక్కటీ దొరకలేదు.