పక్క పట్టీలో చుక్క

నవంబరు 9

అక్కా, పొద్దున్నే ఓ వింత: హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి, మేమంతా పిచ్చుక అని పిలిచే ఆమెకు, కొత్త నక్షత్రం దొరికింది! వేడిని చూసే అంతరిక్ష టెలిస్కోపు ఆకాశమంతటినీ పట్టీలు పట్టీలుగా ఫొటోలు తీసి పంపుతోంది. మా క్లాసువాళ్లం తలా ఒక పట్టీ వెతుకుతున్నాం. నాది ఆమె పక్క పట్టీ.

"నీవి కళ్లా, దుర్భిణులా తల్లీ!" అన్నారు మాస్టారు. నావైపు తిరిగి, "మరి నీకేం దొరికిందమ్మా?"

"చీకటండీ" అన్నాను. అందరూ నవ్వారు. నా కడుపుమంట ఆ టెలిస్కోపుకు కనబడే ఉంటుంది.

మధ్యాహ్నం చూద్దును కదా, రెండు పట్టీలూ కలిసే అంచున, ఆమె ఫొటోకు మర్నాడు తీసిన నా ఫొటోలో ఆమె చూసిన ఆ చుక్క గోరంత పక్కకు జరిగి ఉంది. అది నక్షత్రం కాదు, ఎవరూ చూడని గ్రహశకలం! చెబితే ఆమె పేరు ఇంకా మోగిపోతుంది. ఫొటోను నువ్విచ్చిన నిఘంటువు కింద దాచేశాను. రేపు తొమ్మిదికి మాస్టారు మా పట్టీలన్నీ కలిపి ఆకాశపటం ఖాయం చేస్తారు. తప్పు అలాగే ఉండిపోతుంది.

నా నీలం స్వెటరు పంపు. తమ్ముడి జ్వరం తగ్గిందా? నాకు బహుమతి వచ్చిన రోజుల్లో నువ్వు నా జడ అంత గట్టిగా లాగి ఎందుకు అల్లేదానివో ఇవాళ తెలిసింది. అయినా అల్లడం మానలేదు నువ్వు.

అమ్మకు నమస్కారాలు. రేపు ఎనిమిదికే రెండు ఫొటోలూ మాస్టారి బల్లమీద పెడతాను. ముందు పిచ్చుకను నేనే లేపుతాను.

నీ చెల్లి