బ్లెస్సీ ఉమ్మేసిన వైన్

ఇశ్రాయేలు అన్నయ్యా, కన్నకూతురి ఉద్యోగం చెడగొడుతున్నది నువ్వే. తాగుబోతు పని అంటూ బ్లెస్సీ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశావు. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మన్ కూడా చదవనీ.

నిన్న గన్నవరం హోటల్లో బ్లెస్సీ వైన్ గురించి చెప్పే క్లాసుకు వెళ్లాను. గ్లాసు అందుకుని గటగటా తాగేశాను. "బాబాయ్, అదేమన్నా దగ్గు మందా? ముందు వాసన చూడు, తర్వాత నాలుక మీద తిప్పు," అంది. రెండో గ్లాసు అలాగే చేస్తే నేరేడు పండు వాసన, చివర కాస్త వగరు. తను మాత్రం ఆరు రకాలు రుచి చూసి ఆరూ ఉమ్మేసింది. మత్తెక్కితే రుచి తెలియదట. ఇదా తాగుబోతుతనం?

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? వందనాలు చెప్పు.

ఇరవయ్యో తారీఖులోగా సర్టిఫికెట్లు ఇచ్చెయ్. నాసిక్ వైన్ కంపెనీలో ఉద్యోగానికి పంపు. రైలు నువ్వే ఎక్కించు.

తమ్ముడు పాల్