రెండు గళ్లు, ఒక టీచరు

విద్యాధికారి గారికి,

రెండో తరగతి టీచరు నమస్కరించి రాసుకునేది. టీచర్లు తమ పాఠాన్ని తామే పరిశోధించి నివేదిక పంపాలన్నారు కదా, మీరిచ్చిన ఫారంలోనే నింపి పంపుతున్నాను. వారం రోజులు తరగతిలో ఫోన్ రికార్డింగ్ పెట్టి విన్నాను. నలభై నిమిషాల పీరియడ్‌లో టీచరు ముప్పై నాలుగు నిమిషాలు మాట్లాడింది. వింటుంటే సిగ్గేసింది.

విధేయురాలు,
రెండో తరగతి టీచరు

తా.క.: మిగిలిన ఆరు నిమిషాల్లో నాలుగు హాజరుకే పోయాయి.

*

టీచరు గారికి,

మీ నివేదిక చూశాం. తోటి టీచరు గుట్టు ఇంత నిర్మొహమాటంగా బయటపెట్టిన మీ ధైర్యం మెచ్చుకోదగ్గది. ముప్పై నాలుగు నిమిషాలు వాగే ఆవిడను ఊరికే వదలం. ఆవిడ సంజాయిషీ వారంలోగా మీ ద్వారా పంపించండి.

విద్యాధికారి

తా.క.: ఫిర్యాదు చేసింది మీరేనని ఆవిడకు తెలియనివ్వకండి.

*

అయ్యా,

ఆ టీచరును నేనే. ఫారంలో పరిశోధించినవారు, పరిశోధనకు లోనైనవారు అని రెండు గళ్లున్నాయి. రెండింట్లోనూ నన్నే రాసుకున్నాను. ఇప్పుడు నోరు కట్టేసుకుని పాఠం చెబుతున్నాను. రెండు రోజులు పిల్లలు నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు. మూడో రోజు, ఏడాదిగా నోరు విప్పని చివరి బెంచీ పిల్ల లేచి, "జవాబు మీకు తెలుసు కదా టీచర్, మరి మమ్మల్నెందుకు అడుగుతారు?" అంది. ఇంటికెళ్లి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

మీ మన్నింపు కోరుతూ,
రెండో తరగతి టీచరు

తా.క.: ఆవిడకు తెలియకుండా దాచాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

*

టీచరు గారికి,

ఎదుటివారి తప్పు నెత్తిన వేసుకునే మీ పెద్ద మనసు అర్థమైంది. కానీ రెండు గళ్లుంటే ఇద్దరు మనుషులున్నట్టే. ఒక తరగతికి ఒక్క టీచరే ఉండాలని నిబంధన. కాబట్టి ఆ వాగుడు టీచరును సోమవారం నుంచి వేరే బడికి బదిలీ చేశాం.

విద్యాధికారి

తా.క.: ఆవిడ మొండికేస్తే మీరే దగ్గరుండి బస్సెక్కించండి.

*

అయ్యా,

ఆవిడ బస్సెక్కితే నేనూ ఎక్కాలి. ముప్పై ఒక్కమంది పిల్లలు ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నారు. వాళ్లను వదిలి వెళ్లడం నా వల్ల కాదు. ఒక్క మనవి. మీ సమావేశంలో మీరెంతసేపు మాట్లాడుతున్నారో ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి.

ఇంకా ఇక్కడే ఉన్న,
రెండో తరగతి టీచరు

తా.క.: కోపంలో రాశాను. చల్లారాక చదివి చూసుకుని, అలాగే పోస్టు చేస్తున్నాను.

*

టీచరమ్మ గారికి,

చూసుకున్నాను. గంట సమావేశంలో యాభై ఏడు నిమిషాలు నేనే. మర్నాడు పట్టుబట్టి నోరు మూసుకున్నాను. పది నిమిషాలు ఎవరూ పలకలేదు. అప్పుడు మా గుమాస్తావిడ మెల్లగా, "ఆ తరగతికి ఉన్నదే ఒక్క టీచరు సార్. మొదటి ఉత్తరం వచ్చిన రోజే చెబుదామనుకున్నా, మీరు ఆగితే కదా" అన్నారు. తల ఎత్తుకోలేకపోయాను. బదిలీ రద్దు చేశాను. మీ పిల్లలను మాట్లాడనివ్వండి.

కాస్త తగ్గిన,
విద్యాధికారి

తా.క.: ఫైలులో మాత్రం మీరింకా ఇద్దరే. దాన్ని మూసేయాలంటే రెండు సంతకాలు కావాలి. దయచేసి ఒకటి ఎడమ చేత్తో పెట్టండి.