లాట్ అనే మాట, మూడో కర్ర

అన్నా,

బాగున్నావా అని అడగడం అలవాటు, అందుకే అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. అరకులో చలి మొదలైంది. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి, కోతలు నడుస్తున్నాయి.

నీ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పినవాడివి, ఒక్క మాట కోసం పదిహేడు పేజీలు నింపావని మొన్న వానాకాలంలో గానీ తెలియలేదు. లాట్... ఇంత చిన్న మాటలో ఏముందని అంత రాశావు? "పెద్ద మాటలకి ఒక్క అర్థమేరా, సిన్న మాటలే బరువు మోత్తాయి" అనేవాడివి. అప్పుడు నవ్వాను.

ఇప్పుడు నాకూ ఆ పురుగు పట్టింది. ఒకరోజు కోసిన కాఫీ పళ్ళని కొనేవాళ్ళు లాట్ అంటారు, అది తెలిసిందే. వేలంలో పెట్టే ఒక్కో కుప్పా లాటే. బోలెడంత అన్నా అదే మాట, నేల ముక్క అన్నా అదే, మనిషి రాత అన్నా అదే. పనికిమాలినవాణ్ణి చెడ్డ లాట్ అంటారని రాసి, పక్కన నా పేరు పెట్టావు చూడు... నువ్వు పోయినా నీ ఎగతాళి పోలేదు.

లాటరీ దీనికి చుట్టమేనట. ప్లాట్ మాత్రం కాదట, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో డిక్షనరీ రాసినవాళ్ళకే తెలియదట. దాని కింద మూడు ప్రశ్నార్థకాలు పెట్టావు. ఎవరినైనా అడిగావా? జవాబు దొరికిందా?

అన్నిటికన్నా పాత అర్థం కర్రముక్కట. వెనకటి ఇంగ్లీషువాళ్ళు ఏదైనా పంచుకోవాలంటే చిన్న కర్రముక్కలు వేసి తీసేవాళ్ళట. ఆ ముక్క పేరే వాటాకి, నేలకి, రాతకి అంటుకుందట. అది చదివి లేచి కూర్చున్నాను. మన కొండ మీద చేసేదీ అదే కదా... నేల పంచుకునేటప్పుడు, తాము నాటిన కాఫీ మొక్క నుంచి ఎవరి కొమ్మ వాళ్ళు కోసుకుని, తమ గుర్తుగా గాట్లు పెట్టి బుట్టలో వేస్తాం. ఒక్కో నేల ముక్క దగ్గరా ఊరి పెద్దావిడ చూడకుండా ఒక కర్ర తీస్తుంది. ఎవరి కర్ర వస్తే నేల వాళ్ళది. అంత దూరంలో ఉన్నవాళ్ళకీ మనకీ ఒకే ఆలోచన ఎలా వచ్చిందంటావు?

ఇక్కడ నీకు ఒకటి చెప్పుకోవాలి. నాన్న వదిలిన తోట పంచుకుందామని పోయిన నెల మనలో ఆఖరివాడు చిన్నోడు అన్నాడు. రెండు కర్రలు చాలన్నాడు. పోయినవాడు కొమ్మ కొయ్యలేడు, వదిన పాచిపెంటలో పుట్టింటికి వెళ్ళిపోయింది, కర్ర లేనివాడికి వాటా ఎక్కడిదన్నాడు. నేను ఊరుకున్నాను. తప్పని తెలిసే ఊరుకున్నాను. ఊట పక్కన నువ్వు చూసుకున్న నేల మీద ఆశ, అన్నా... సిగ్గుగా ఉంది.

ఆ కర్రముక్క పేజీ అడుగున తెలుగులో ఒక్క ముక్క రాశావు. "కర్ర మనిషికి గుర్తు. మనిషి లేనప్పుడే దాని పని." చిన్నోడికి చదివి వినిపించాను. ఏరుతున్న కాఫీ పళ్ళు పక్కన పెట్టి, వదినని కొమ్మ అడిగి రమ్మన్నాడు.

నిన్న పాచిపెంట వెళ్ళాను. మీరిద్దరూ కలిసి నాటిన మొక్కలే కదా, వదిన కోస్తే చెల్లుతుంది. కొమ్మ కొయ్యడానికి రమ్మని ఏ మొహంతో అడగాలా అని దారంతా ఆలోచించాను.

నా మాట పూర్తికాకముందే వదిన లోపలికి వెళ్ళి ఒక కర్ర తెచ్చి చేతిలో పెట్టింది. రెండు గాట్లు, నీ గుర్తే. తోట విడిచి వెళ్ళిన రోజే కోసి దాచుకుందట. ఎండిపోయి బెరడు ఊడిపోయింది. ఇన్ని నెలలూ మాలో ఒకరైనా వచ్చి అడుగుతారని చూసిందట.

ఈ ఆదివారం ప్రార్థన అయ్యాక బుట్టలో మూడు కర్రలు పడతాయి. ఊట పక్క నేల ఎవరికి వచ్చినా నోరెత్తను. నీకు మాట ఇస్తున్నాను.

నీ నడిమి తమ్ముడు