మేయ్ లాన్ పిన్నికి ఏం చెప్పను

అమ్మా, ముళ్లకంచె ఉన్నన్నాళ్లూ మేయ్ లాన్ పిన్ని దగ్గరికి వెళ్లినదానివి, కంచె తీసేశాక ఎందుకు మానేశావు?

మలయాలో ఎమర్జెన్సీ రోజుల్లో తెల్లదొరల సర్కారు మన పక్కనుండే చీనావాళ్లను కంచె వేసిన కొత్త ఊళ్లోకి తరలించింది. పూలమొక్కల పిచ్చిలో నీకు జోడీ అయిన పిన్నికి ప్రతి ఆదివారం పాలడబ్బాలో చేమంతి పిలక పట్టుకెళ్లేదానివి. అడవిలోని తిరుగుబాటుదారులకు బియ్యం దాచావేమోనని గేటు దగ్గర పోలీసులు ఆ మట్టిని ఇనప ఊచతో పొడిచేవారు. పిలక వేళ్లు తెగినా ఇచ్చే వచ్చేదానివి. మెర్డెకా వచ్చి దేశం స్వతంత్రమైంది, గేటు తెరిచారు. నువ్వు మళ్లీ అటు వెళ్లలేదు.

నువ్వు పోయావని ఇన్నాళ్లకు తెలిసి, నిన్న ఆవిడ క్లాంగ్‌లో మన ఇంటికి వచ్చింది. "మీ అమ్మకి నా మీద ఏం కోపం?" అని మలాయ్‌లో అడిగింది. రేపు రండి, చెబుతానన్నాను.

నాన్ననడిగితే, "ఒంట్లో బాగునేక రానేదని సెప్పీ అమ్మా. ముసల్దాని మనసు సల్లబడతాది," అన్నాడు.

"అప్పుడు అమ్మ నీకంటే గట్టిగా ఉండేది కదా నాన్నా?"

"అదీ నిజమేలే. మొక్కలకి నీల్లు మొయ్యమని నన్ను తరిమీది." అని నవ్వాడు.

పొద్దుటినుంచి కుదురుగా కూర్చోలేక ఇల్లంతా తిరుగుతున్నాను. అబద్ధం చెబితే ఆవిడ నెమ్మదిస్తుంది, కానీ అది నీ మాటే అనుకుని వెళ్లిపోతుంది. సాయంత్రానికి వచ్చేస్తుంది. ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.