లైప్‌జిగ్‌లో వనితకు ఉద్యోగం

బావా, నేను కులాసా. జర్మనీలో ఉద్యోగం వచ్చేసింది!

ఇక్కడ పరదేశీయులకు ఉద్యోగాల కోసం తర్ఫీదు ఇచ్చే మార్టినా, ఉత్తుత్తి ఇంటర్వ్యూలో బల్ల గుద్దింది: "ప్రతిదానికీ 'మేము చేశాం' అంటావేం? నువ్వేం చేశావు?" అందుకే అసలు ఇంటర్వ్యూలో, మన సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నాసిరకం సరుకు పట్టుకుని లారీలు ఆపించింది నేనేనని చెప్పాను. "భయం వేయలేదా?" అన్నారు. "శానా భయపడినాను, అయినా ఆపించినాను!" అని తెలుగులోనే అనేశాను. అర్థం చెప్పేసరికి అందరూ నవ్వారు. మర్నాడే పనిలోకి రమ్మన్నారు.

మన హారిక పాస్‌పోర్టు పని వెంటనే చూడు. వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి తేవాలి. జమ్మలమడుగులో వాన పడిందా? అత్తకు దండాలు. హారికను ఎత్తుకుని, "మీ అమ్మ రమ్మంటాంది" అని చెప్పు.

నీ వనిత