మిషన్ రాని మూడెకరాలు

గురువారం.

పత్తి ఏరే మిషన్ ఈ రోజు మా ఊరికి వచ్చింది. మా చేను పక్కనుంచే పోయి, పటేల్ నలభై ఎకరాల్లో దిగింది. పరిగెత్తుకుంటూ వెళ్లి మిషన్ కంపెనీ తరఫున తిరిగే రమేశన్నను మా చేనుకు ఎప్పుడొస్తుందని అడిగాను.

"జర సమజ్ చేస్కో తమ్మీ. మీ మూడెకరాల్ల మిషన్ మలుపనీకి జాగ లేదు. డీజిల్ పైసలు గూడ ఎల్లయ్."

విత్తనాలప్పుడు నా చేతిలో కరపత్రం పెట్టింది ఇతనే. చిన్న రైతుకు విముక్తి అని అందులో ఉంది. నేను నమ్మి బాపుకు రెండుసార్లు చదివి వినిపించాను. అందులో చెప్పినట్టే మిషన్ కోసమని పత్తి దగ్గర దగ్గరగా పెట్టించాను. ఏటా మా చేనుకు కూలీలను తెచ్చే ఎల్లవ్వను ఈసారి రావద్దన్నాను. వంగి చేసే చాకిరీ నుంచి ఆమెను విడిపిస్తున్నాననే అనుకున్నాను.

సాయంత్రం ఆమెనే బతిమాలి తీసుకొచ్చాను. మొక్కల మధ్య కాలు పెట్టి చూసింది.

"ఇందుల మనిషెట్ల జొరబడాలె బిడ్డా? ఏరిన పత్తికి ఒడి గట్టుకుంటే కొమ్మలిరుగుతయ్. నీ మిషన్‌నే ఏరమను."

వెంట వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. అందరూ వెళ్లిపోయారు.

వాన వస్తుందంటున్నారు. పగిలిన పత్తి తడిస్తే నల్లబడుతుంది. కరపత్రం చించేశాను, కోపం మాత్రం పోలేదు. విముక్తి అనే మాటను అంత సులువుగా ఎలా అచ్చేస్తారు?

బాపు నడుముకు తువ్వాల కట్టి, పక్కకు తిరిగి వరుసలోకి దూరాడు. నేను పక్క వరుస పట్టాను. చీకటి పడేదాకా ఇద్దరం ఏరినా ఆ రెండు వరుసలు కూడా పూర్తి కాలేదు.